ప్రయాణికుల రిజర్వేషన్ వ్యవస్థ

ప్రయాణికుల రిజర్వేషన్ వ్యవస్థ (సంక్షిప్తంగా పీఆర్ఎస్) అనేది భారతీయ రైల్వేలలో బెర్తులు, సీట్ల కేటాయింపునకు, ఖాళీల విచారణకు ఉపయోగించే కంప్యూటరు వ్యవస్థ. బండ్లు, స్టేషన్లు, బోగీలు, బెర్తులు, ప్రయాణికుల వివరాలు ఇందులోని డేటాబేసులో నిక్షిప్తమై ఉంటాయి. టిక్కెట్టు కిటికీ వద్ద ఉన్న గుమాస్తా గానీ, వెబ్‌సైటు గానీ, మొబైలు ఫోను గానీ అడిగిన ప్రశ్నకు సర్వరు ఆ డేటాబేసును చూసి సమాధానమిస్తుంది. ఈ వ్యవస్థ చరిత్రలో సికింద్రాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నిటినీ కలిపిన కాన్సర్ట్ అనే సాఫ్టువేరును మొట్టమొదట 1994 సెప్టెంబరులో సికింద్రాబాదు కేంద్రంలోనే అమలుచేశారు.

"ఖాళీ ఉందా?" అని అడగడం, "ఈ బెర్తు నాకు ఇవ్వండి" అని కోరడం చూడటానికి ఒకే పనిలో రెండు మెట్లు. కంప్యూటరు దృష్టిలో మాత్రం ఇవి వేర్వేరు స్వభావాలు గల పనులు. మొదటిదాన్ని ఎన్ని యంత్రాలకైనా పంచవచ్చు. రెండవదానికి ఒక్కచోటే తుది నిర్ణయం జరగాలి. రిజర్వేషన్ వ్యవస్థల నిర్మాణమంతా ఈ భేదంపై ఆధారపడి ఉంటుంది.

కంప్యూటరుకు ముందు

కంప్యూటర్లు రాకముందు ప్రతి బండికి, ప్రతి తేదీకి ఒక రిజిస్టరు ఉండేది. గుమాస్తా అందులో ప్రయాణికుని పేరు, వయస్సు, బెర్తు సంఖ్య చేతితో వ్రాసేవాడు. ఏ బండి రిజిస్టరు ఏ కిటికీ వద్ద ఉంటే ప్రయాణికుడు ఆ వరుసలోనే నిలబడవలసి వచ్చేది. ఆ బండిలో ఖాళీ లేదని తెలిస్తే మరొక బండి కోసం మరొక వరుసకు వెళ్ళాలి. మధ్య స్టేషన్లకు కొన్ని బెర్తులను కోటాగా కేటాయించేవారు. తిరుగు ప్రయాణపు బెర్తు కోసం ఆ ఊరికి తంతి పంపి, జవాబు కోసం వేచి ఉండేవారు.

ఈ పద్ధతిలో ఆలస్యం ఎంత ఉన్నా ఒక సుగుణం కూడా ఉంది. ఒక బండికి ఒక తేదీన ఒకటే రిజిస్టరు, దాని ముందు ఒకే గుమాస్తా. అందువలన ఒకే బెర్తును ఒకే క్షణంలో ఇద్దరికి వ్రాసే అవకాశం తక్కువ. కంప్యూటరు వ్యవస్థ ఆలస్యాన్ని తొలగిస్తూనే ఈ సుగుణాన్ని నిలుపుకోవలసి వచ్చింది.

ఇంప్రెస్

విమానయాన రంగంలో ఇటువంటి ప్రయత్నం అంతకుముందే జరిగింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం సంస్థలు కలిసి 1960లలో సేబర్ అనే రిజర్వేషన్ వ్యవస్థను నెలకొల్పాయి. భారతీయ రైల్వేలలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయింది. సీఎంసీ అనే ప్రభుత్వరంగ సంస్థ రూపొందించిన ఈ సాఫ్టువేరు పేరు ఇంప్రెస్ (ఇంటిగ్రేటెడ్ మల్టీ-ట్రెయిన్ ప్యాసెంజర్ రిజర్వేషన్ సిస్టమ్). ఇది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వ్యాక్స్ కంప్యూటర్లపై పనిచేసేది. దీనితో ఏ కిటికీ వద్దనైనా ఏ బండికైనా టిక్కెట్టు కొనడం సాధ్యమయింది. తరువాతి సంవత్సరాలలో ముంబై, కోల్‌కత, చెన్నై, సికింద్రాబాదు నగరాలకు ఈ వ్యవస్థను విస్తరించారు. రైల్వేల కంప్యూటరు పనుల కోసం 1986లో క్రిస్ (సెంటర్ ఫర్ రైల్వే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) అనే సంస్థ ఏర్పడింది.

అయితే ఈ కేంద్రాలు ఐదూ ఐదు ద్వీపాల వలె ఉండేవి. ఒక కేంద్రం కంప్యూటరు మరొక కేంద్రం పరిధిలోని బండ్ల ఖాళీలను స్వయంగా చూడలేకపోయేది.

సికింద్రాబాదులో కాన్సర్ట్

సికింద్రాబాదు 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కేంద్రాలను కలపడానికి క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ (కంట్రీవైడ్ నెట్‌వర్క్ ఆఫ్ కంప్యూటరైజ్డ్ ఎన్‌హాన్స్‌డ్ రిజర్వేషన్ అండ్ టికెటింగ్) ఇక్కడ 1994 సెప్టెంబరులో పని మొదలుపెట్టింది. ఐదు కేంద్రాల అనుసంధానం 1999 ఏప్రిల్‌లో పూర్తయింది.

కాన్సర్ట్‌లో మొత్తం డేటాబేసును ఒకే ఊరికి తరలించలేదు. ప్రతి కేంద్రం తన పరిధిలోని బండ్ల లెక్కను తన వద్దనే ఉంచుకుంటుంది. సికింద్రాబాదు కిటికీ వద్ద ఢిల్లీ కేంద్రానికి చెందిన బండి గురించి అడిగితే, ఆ ప్రశ్న ఢిల్లీ సర్వరుకు వెళ్ళి సమాధానం తిరిగి వస్తుంది. ప్రశ్నను సరైన కేంద్రానికి చేర్చడానికి, మధ్యలో తంత్రి తెగినా లావాదేవీ సగంలో నిలిచిపోకుండా చూడడానికి రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అనే మధ్యవర్తి సాఫ్టువేరును వాడారు. దేశమంతటా టిక్కెట్టు దొరికినా, ఒక బండి లెక్క ఒకేచోట ఉండాలన్న పాత రిజిస్టరు సూత్రం ఇందులోనూ కొనసాగింది.

అంతర్జాలం ద్వారా టిక్కెట్ల అమ్మకాన్ని ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టు 3న ప్రారంభించింది. వెబ్‌సైటు అనేది కొత్త కిటికీ మాత్రమే. బెర్తుల లెక్క వెనుక ఉన్న పీఆర్ఎస్‌లోనే ఉంటుంది.

బెర్తు లెక్క

ఒక బెర్తు అంటే డేటాబేసులో ఒకే వస్తువు కాదు. ఉదాహరణకు విశాఖపట్నం నుండి రాజమండ్రి, విజయవాడ, వరంగల్లు మీదుగా సికింద్రాబాదుకు వచ్చే ఒక బండిని తీసుకుందాం. ఈ ఐదు స్టేషన్ల మధ్య నాలుగు అంచెలు ఉన్నాయి. ఒక ప్రయాణికుడు విశాఖపట్నంలో ఎక్కి విజయవాడలో దిగితే మొదటి రెండు అంచెలు నిండుతాయి. మిగిలిన రెండు అంచెలకు అదే బెర్తును మరొకరికి ఇవ్వవచ్చు. రాజమండ్రి నుండి వరంగల్లు వెళ్ళదలచిన వారికి మాత్రం ఆ బెర్తు ఖాళీ లేనట్లే, ఎందుకంటే రెండవ అంచె నిండి ఉంది. అందుచేత విచారణకు సమాధానం చెప్పేటపుడు అడిగిన అంచెలన్నీ ఖాళీగా ఉన్న బెర్తులను మాత్రమే లెక్కించాలి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాయంత్రం విశాఖపట్నంలో బయలుదేరిన బండి అర్ధరాత్రి దాటాక విజయవాడ చేరితే, అక్కడ ఎక్కేవారి ప్రయాణ తేదీ మారుతుంది. బండి బయలుదేరిన తేదీ, ప్రయాణికుడు ఎక్కే తేదీ అని రెండింటినీ వేర్వేరుగా ఉంచాలి.

విచారణ, కేటాయింపు

విచారణ డేటాబేసును చదువుతుందే గాని మార్చదు. ఒకే ప్రశ్నను వేయిమంది అడిగినా లెక్కలో తేడా రాదు. కాబట్టి డేటాబేసు నకళ్ళను తయారుచేసి వేర్వేరు యంత్రాలపై ఉంచి సమాధానాలు ఇవ్వవచ్చు. ఆ సమాధానం కొన్ని సెకన్లు పాతదైనా పెద్ద నష్టం లేదు. "ఇన్ని గంటలకు ఉన్న స్థితి" అని సమయాన్ని కూడా చూపితే చాలు.

కేటాయింపు అలా కాదు. చివరి బెర్తు కోసం ఇద్దరు ఒకే క్షణంలో కోరినపుడు ఒకరికే ఇవ్వాలి. ఇందుకోసం డేటాబేసు ఆ బెర్తు వరుసకు తాళం వేసి, మొదటి కోరిక పూర్తయ్యే వరకు రెండవదాన్ని ఆపుతుంది. బెర్తు వ్రాయడం, పీఎన్ఆర్ సంఖ్య ఇవ్వడం, రుసుము నమోదు చేయడం అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఈ పనుల సముదాయాన్ని లావాదేవీ అంటారు. మధ్యలో విద్యుత్తు పోతే, తిరిగి మొదలైనపుడు డేటాబేసు తన చిట్టాను చూసి సగంలో ఆగినవాటిని రద్దుచేస్తుంది.

తెరపై ఖాళీ కనిపించి, డబ్బు చెల్లించేలోపు నిరీక్షణ జాబితాలోకి వెళ్ళడం ప్రయాణికులకు పరిచితమైన అనుభవం. మోసం ఏదీ లేకపోయినా ఇలా జరగవచ్చు. విచారణకు వచ్చిన సమాధానం హామీ కాదు. ఆ సమాధానానికి, కేటాయింపునకు మధ్య గడచిన కాలంలో ఇతరులు ఆ బెర్తులను పొంది ఉండవచ్చు.

ఏపీఐ

ఒక సాఫ్టువేరు మరొక సాఫ్టువేరును ఏ రూపంలో ప్రశ్నించాలి, సమాధానం ఏ రూపంలో వస్తుంది అని ముందుగా నిర్ణయించిన ఒప్పందాన్ని ఏపీఐ అంటారు. రిజర్వేషన్ ఫారంతో దీనిని పోల్చవచ్చు. ఫారంలో బండి సంఖ్య, తేదీ, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, తరగతి అనే గడులు ఉంటాయి. గడులు సరిగా నింపినవారు తెలుగువారైనా, బెంగాలీవారైనా గుమాస్తా ఒకే విధంగా పని చేయగలడు. అదే విధంగా ఏపీఐ ఒప్పందాన్ని పాటించిన వెబ్‌సైటు, మొబైలు, కిటికీ అన్నీ ఒకే సర్వరుతో మాట్లాడగలవు.

స్టేషన్లను పేరుతో కాక సంకేతాక్షరాలతో గుర్తించడం ఇందులో ముఖ్యమైన నియమం. సికింద్రాబాదు, సికిందరాబాదు, సికింద్రాబాద్ అని పేరును ఎన్ని విధాల వ్రాసినా దాని సంకేతం ఎస్‌సి మాత్రమే.

కంటైనర్లు

ఒక సాఫ్టువేరును, దానికి కావలసిన ఇతర భాగాలను కలిపి ఒకే మూటగా కట్టి, ఏ యంత్రంపైనైనా ఒకే విధంగా నడిపే పద్ధతిని కంటైనరు పద్ధతి అంటారు. ఓడరేవులలో, గూడ్సు బండ్లలో కనిపించే ఇనుప పెట్టెల నుండి ఈ పేరు వచ్చింది. లోపల ఏ సరకు ఉన్నా పెట్టె కొలతలు ఒకటే గనుక ఓడ, రైలు, లారీ అన్నీ దానిని మోయగలవు.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఒక కార్యక్రమానికి తక్కినవి కనబడకుండా చేసే నేమ్‌స్పేసులు, అది వాడుకునే మెమరీ, ప్రాసెసరు కాలానికి హద్దులు పెట్టే సీగ్రూపులు కంటైనర్లకు ఆధారం. 2013లో విడుదలైన డాకర్ ఈ పద్ధతిని సామాన్య ప్రోగ్రామర్లకు అందుబాటులోకి తెచ్చింది. అనేక యంత్రాలపై వందలాది కంటైనర్లను నడిపించే కూబర్నెటీస్‌ను 2014లో గూగుల్ ప్రకటించింది.

కంటైనరును నడపడానికి ఆధారమైన మూటను ఇమేజి అంటారు. ఇమేజి మారదు. దాని నుండి ఎన్ని కంటైనర్లనైనా పుట్టించవచ్చు, తొలగించవచ్చు. కంటైనరును తొలగిస్తే దానిలో వ్రాసుకున్నది కూడా పోతుంది. ఈ గుణం విచారణ సర్వరుకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది దేనినీ దాచుకోనవసరం లేదు. డేటాబేసుకు మాత్రం ఇదే గుణం ప్రమాదకరం.

ఒక నమూనా ఏర్పాటు

విద్యార్థులు సాధన కోసం చిన్న విచారణ సర్వరును మూడు రకాల కంటైనర్లతో ఏర్పాటు చేయవచ్చు. ఇది రైల్వేల అసలు వ్యవస్థ కాదు, సూత్రాలను చూపే నమూనా మాత్రమే. ఒకదానిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, రెండవదానిలో విచారణ సర్వరు, మూడవదానిలో బయటి నుండి వచ్చే ప్రశ్నలను పంచే ద్వారపాలక సర్వరు ఉంటాయి.

ముందుగా డేటాబేసులో బండ్లు, స్టేషన్ల క్రమం, బెర్తులు, కేటాయింపులు అనే పట్టికలు తయారుచేయాలి. కేటాయింపుల పట్టికలో ప్రతి అంచెకు ఒక వరుస ఉండాలి. బండి, బయలుదేరిన తేదీ, బోగీ, బెర్తు, అంచె అనే ఐదూ కలిసి రెండుసార్లు రాకూడదని డేటాబేసులోనే నియమం పెట్టాలి. అపుడు సర్వరు సాఫ్టువేరులో లోపమున్నా ఒక బెర్తును ఇద్దరికి వ్రాయడానికి డేటాబేసు అంగీకరించదు.

విచారణ సర్వరుకు చదవడానికి మాత్రమే అనుమతి గల ప్రత్యేక ఖాతా ఇవ్వాలి. సంకేతపదాన్ని ఇమేజిలో పెట్టకూడదు. ఇమేజి ఎవరి చేతికి వెళ్ళినా సంకేతపదం వారి చేతికి వెళ్ళినట్లే. కంటైనరును నడిపేటపుడు దానిని విడిగా అందించాలి. డేటాబేసు ద్వారాన్ని (పోస్ట్‌గ్రెస్‌కు సాధారణంగా 5432) బయటి ప్రపంచానికి తెరవకుండా, కంటైనర్ల అంతర్గత నెట్‌వర్కులోనే ఉంచాలి. ద్వారపాలక సర్వరు ఒక్కటే బయటికి కనిపించాలి.

డేటాబేసు వ్రాసే దస్త్రాలను కంటైనరు వెలుపల వాల్యూం అనే శాశ్వత స్థలంలో భద్రపరచాలి. అపుడు కంటైనరును తొలగించి మరొకటి పెట్టినా లెక్క నిలుస్తుంది. ఇమేజిని ఎంచుకునేటపుడు "సరికొత్తది" అని కాక నిర్దిష్టమైన వెర్షను సంఖ్యను పేర్కొనాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక ప్రధాన వెర్షను వ్రాసిన దస్త్రాలను మరొక ప్రధాన వెర్షను నేరుగా చదవలేదు.

కంటైనరు మొదలవడం వేరు, డేటాబేసు సిద్ధమవడం వేరు. విచారణ సర్వరు ముందుగా లేచి, డేటాబేసు ఇంకా తెరుచుకోలేదని ఆగిపోవడం సాధారణంగా ఎదురయ్యే సమస్య. డేటాబేసు ప్రశ్నకు జవాబిస్తున్నదా అని పరీక్షించే ఆరోగ్య తనిఖీని ఏర్పరచి, అది నెగ్గిన తరువాతనే సర్వరును మొదలుపెట్టాలి. కంటైనర్ల గడియారం సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని చూపుతుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. దీనిని సవరించకపోతే తెల్లవారుజామున 5:30 వరకు "నేటి బండ్లు" అని అడిగినవారికి నిన్నటి జాబితా వస్తుంది.

నిర్వహణ

రద్దీ పెరిగినపుడు విచారణ సర్వరు కంటైనర్లను పెంచవచ్చు. కాని ప్రతి సర్వరు డేటాబేసుతో కొన్ని అనుసంధానాలు తెరిచి ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్ సాధారణ అమరికలో 100 అనుసంధానాలనే అంగీకరిస్తుంది. ఒక్కొక్కటి 20 తెరిచే సర్వర్లను పది పెడితే 200 కావాలి. అపుడు వేగం పెరగదు సరికదా, కొత్త ప్రశ్నలకు నిరాకరణ ఎదురవుతుంది. అందుచేత అనుసంధానాలను పంచుకునే మధ్యవర్తిని గానీ, తరచుగా వచ్చే ప్రశ్నల సమాధానాలను కొన్ని సెకన్లపాటు దాచి ఉంచే పద్ధతిని గానీ వాడతారు.

కంటైనరును ఆపేటపుడు చేతిలో ఉన్న పనిని ముగించే అవకాశం ఇవ్వాలి. డాకర్ సాధారణంగా ముందు హెచ్చరిక పంపి, 10 సెకన్లు ఆగి, ఆపై బలవంతంగా ఆపుతుంది. కేటాయింపు సర్వర్లలో మరొక జాగ్రత్త కూడా ఉంది. సమాధానం ఆలస్యమైతే ప్రయాణికుడు మళ్ళీ మీట నొక్కుతాడు. ప్రతి కోరికకు ఒక ప్రత్యేక సంఖ్యనిచ్చి, అదే సంఖ్యతో రెండవసారి వస్తే పాత సమాధానమే తిరిగి పంపాలి. లేనిచో ఒకే ప్రయాణానికి రెండుసార్లు డబ్బు పోతుంది.

వాల్యూం అనేది భద్రప్రతి కాదు. పొరపాటున తుడిచివేసిన పట్టిక వాల్యూంలోనూ తుడిచివేయబడే ఉంటుంది. రోజూ నకలు తీసి వేరొక యంత్రంపై, వీలైతే వేరొక ఊరిలో ఉంచాలి. ఆ నకలు నుండి డేటాబేసును తిరిగి నిలబెట్టి చూడటం కూడా నిర్వహణలో భాగమే. ఎన్నడూ పరీక్షించని నకలు అవసరమైననాడు పనికివస్తుందన్న నమ్మకం లేదు.

ఆధునికీకరణ

కాన్సర్ట్ ఓపెన్ వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టంపై నిర్మితమైనది. ఇది 1970లలో వ్యాక్స్ కంప్యూటర్ల కోసం వీఎంఎస్ పేరుతో పుట్టింది. 2025 ఆగస్టులో రైల్వే మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపిన వివరాల ప్రకారం అప్పటి పీఆర్ఎస్ 2010లో నెలకొల్పిన సాంకేతికతపై, ఇటానియం సర్వర్లు, ఓపెన్ వీఎంఎస్‌లతో నడుస్తున్నది. దానిని క్లౌడు సాంకేతికతకు అనువైన వ్యవస్థకు మార్చవలసి ఉన్నదని కూడా మంత్రిత్వ శాఖ పేర్కొన్నది. ఇటానియం ప్రాసెసర్ల సరఫరాను ఇంటెల్ సంస్థ 2021లోనే నిలిపివేసింది.

2025 జూన్‌లో మంత్రిత్వ శాఖ వెల్లడించిన లక్ష్యాల ప్రకారం నిమిషానికి 32,000గా ఉన్న టిక్కెట్ల సామర్థ్యాన్ని 1.5 లక్షలకు పైగా, నిమిషానికి 4 లక్షలుగా ఉన్న విచారణల సామర్థ్యాన్ని 40 లక్షలకు పైగా పెంచాలి. టిక్కెట్ల సామర్థ్యం సుమారు ఐదు రెట్లు పెరుగుతుండగా విచారణల సామర్థ్యం పది రెట్లు పెరగడం గమనించదగినది. చదివే పనిని విస్తరించడం సులభమనీ, వ్రాసే పనిని విస్తరించడం కష్టమనీ ఈ అంకెలు సూచిస్తున్నాయి. ఒక టిక్కెట్టు కొనేలోపు ప్రయాణికులు అనేకసార్లు విచారించడం కూడా ఇందుకు ఒక కారణం కావచ్చు.

పరిమితులు

సర్వర్ల సంఖ్య పెరిగినంత మాత్రాన బెర్తుల సంఖ్య పెరగదు. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. 2025 జూలై 1 నుండి అంతర్జాలంలో తత్కాల్ టిక్కెట్లకు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేశారు. ఇవి కంప్యూటరు వేగానికి సంబంధించినవి కావు, ఉన్న బెర్తులు ఎవరికి ఎలా అందాలన్న విధానానికి సంబంధించినవి. కంటైనర్లు, క్లౌడు వంటి సాంకేతికతలు ప్రశ్నించిన ప్రతి ఒక్కరికీ త్వరగా సమాధానం చెప్పగలవు. ఆ సమాధానం "ఖాళీ లేదు" అయినపుడు మార్పు రావలసినది సర్వరులో కాదు, పట్టాలపైనే.